మంచు చిరుత కోసం హెమిస్ వెళ్తున్నారా? ముందు కూర్చోవడం నేర్చుకోండి

మంచు చిరుతను చూడటానికి లద్దాఖ్‌లోని హెమిస్ వెళ్తున్నామని ఫోన్ చేసేవాళ్లు నన్ను మొట్టమొదట అడిగే మాట, "అంత నడవగలమా మేడమ్?" అని. నడవగలరు. అదేమీ ట్రెక్కింగ్ కాదు. నేను నాలుగైదు కిలోమీటర్లకు మించి నడిచిన రోజులు చాలా తక్కువ. కష్టం నడకలో లేదు, కూర్చోవడంలో ఉంది. మైనస్ పది డిగ్రీల చలిలో, గాలి ముఖాన కొడుతుంటే, ఎదురుగా ఉన్న కొండను మూడు గంటలు చూస్తూ కూర్చోవాలి. మధ్యాహ్నం మళ్లీ మూడు గంటలు. అలా వారం రోజులు. బట్టలు కొన్నా, బైనాక్యులర్ కొన్నా, మందులు సర్దుకున్నా అన్నీ ఆ కూర్చోవడం కోసమే అని గుర్తుపెట్టుకుంటే సగం పొరపాట్లు జరగవు.

నేను హనుమకొండలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. వయసు యాభై దాటింది. మా తమ్ముడితో కలిసి రెండుసార్లు, రెండుసార్లూ ఫిబ్రవరిలోనే, లద్దాఖ్ వెళ్లాను. మొదటిసారి మంచు చిరుత కనబడలేదు సరికదా, తమ్ముడికి ప్రాణం మీదికొచ్చింది. రెండోసారి ఐదో రోజు పొద్దున కనబడింది, నలభై నిమిషాల పాటు. ఈ రెండు ప్రయాణాల మధ్య మేం ఏమేం మార్చుకున్నామో అదే రాస్తున్నాను.

ఎందుకు హెమిస్, ఎందుకు చలికాలం

హెమిస్ నేషనల్ పార్కు 1981లో ఏర్పడింది. ఇప్పుడు దాని విస్తీర్ణం దాదాపు 4,400 చదరపు కిలోమీటర్లు, మన దేశంలో ఇంతకన్నా పెద్ద నేషనల్ పార్కు లేదు. నల్లమలలాగా చెట్లుంటాయని ఊహించుకోకండి. అంతా రాయి, మట్టి, మంచు. పార్కు లోపలే ఊళ్లున్నాయి, మనుషులున్నారు, వాళ్ల గొర్రెలు, యాక్‌లు ఉన్నాయి. సఫారీ జీపు ఉండదు. జింగ్‌చెన్ దాకా వాహనంలో వెళ్లి, అక్కడి నుంచి లోయ వెంబడి రుంబక్ అనే చిన్న ఊరికి చేరి, ఊళ్లోవాళ్ల ఇంట్లోనే ఉంటాం.

2024 జనవరిలో కేంద్రం విడుదల చేసిన లెక్క ప్రకారం దేశం మొత్తంలో మంచు చిరుతలు 718. అందులో 477 లద్దాఖ్‌లోనే ఉన్నాయి. జనవరి నుంచి మార్చి వరకు వాటికి జత కలిసే కాలం. ఆ రోజుల్లో అవి ఎక్కువగా తిరుగుతాయి, అరుస్తాయి, రాళ్ల మీద వాసన గుర్తులు పెడతాయి. పైన మంచు పేరుకోవడంతో భరల్ అనే నీలి గొర్రెలు మేత కోసం కిందికి దిగుతాయి, వాటి వెనకే చిరుతా దిగుతుంది. వేసవి సెలవుల్లో పిల్లలతో వెళ్తామని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, లద్దాఖ్ చూడటానికైతే మే, జూన్ బాగుంటాయి, మంచు చిరుత కోసమైతే చలికాలమే వెళ్లండి.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

మొదటిసారి మేం వెళ్లిన టూర్ వాళ్లు లేహ్‌లో ఒక్క రాత్రే ఉంచారు. రెండో రోజు మధ్యాహ్నానికే రుంబక్ ఎక్కించారు. "రోజులు వేస్ట్ కాకుండా ప్లాన్ చేశాం" అన్నారు, మేమూ సంతోషపడ్డాం. ఆ రాత్రి తమ్ముడికి తలనొప్పి మొదలైంది, తెల్లారేసరికి వాంతులు. లేచి నిలబడితే తూలుతున్నాడు. వాహనం కింద ఎక్కడో ఉంది. అది వచ్చి, మేం లేహ్ ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ కొన్ని గంటలు నేను పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. వాడు నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న, రోజూ షటిల్ ఆడతాడు. అంత ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికీ ఫిట్‌నెస్‌కూ సంబంధం లేదని అప్పుడు తెలిసింది.

అందుకే రెండోసారి బుక్ చేసేముందు టూర్ వాళ్లను ఫోన్లోనే కూర్చోబెట్టి అడిగాను. లేహ్‌లో ఎన్ని రాత్రులు? రెండుకు తక్కువైతే అక్కడితో మాట్లాడటం ఆపేయండి. లోయలో ఉన్నన్ని రోజులు వాహనం దగ్గర్లో ఉంటుందా? ఆక్సిజన్ సిలిండర్ ఉందా, దాన్ని వాడటం వచ్చినవాళ్లు వెంట ఉంటారా? గైడు స్థానికుడేనా? గైడు కాకుండా తెల్లవారకముందే కొండెక్కి వెతికే స్పాటర్లు ఎంతమంది? ఎంతమందికి ఒక స్పాటింగ్ స్కోపు, అంటే దూరంలో ఉన్నదాన్ని చూడటానికి స్టాండు మీద పెట్టే చిన్న టెలిస్కోపు? ఎనిమిదిమందికి ఒకటే స్కోపైతే జంతువు కనబడ్డాక తోపులాటే. నలుగురికి ఒకటి ఉంటే హాయి. మంచు చిరుత కనబడకపోతే డబ్బు వాపసు ఇస్తామనేవాళ్లను నేను నమ్మను. డబ్బు భయం పెట్టుకున్నవాడు జంతువును తరుముతాడు.

గుర్తింపు కార్డు, దాని జిరాక్సులు నాలుగైదు దగ్గర పెట్టుకోండి. మన దగ్గరి ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. రుంబక్ లాంటి చోట్ల సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి వెళ్లండి.

ఎత్తును అలవాటు చేసుకోవడం

హైదరాబాద్ ఎత్తు ఐదొందల మీటర్ల చిల్లర. లేహ్ దాదాపు 3,500. రుంబక్ 4,000కు దగ్గర. ఢిల్లీలో విమానం ఎక్కిన గంటన్నరలోపే లేహ్‌లో దిగిపోతాం. అక్కడ ఒక్కో శ్వాసలో మనకందే ఆక్సిజన్ ఇక్కడితో పోలిస్తే దాదాపు మూడింట రెండొంతులు. ఒంటికి అది తెలియడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే విమానం దిగగానే "నాకేం కాలేదు, బజారుకు పోయొద్దాం" అనిపిస్తుంది. వెళ్లకండి. మొదటి రోజు మంచం, భోజనం, మంచినీళ్లు, అంతే. రెండో రోజు సాయంత్రం నెమ్మదిగా కాస్త దూరం నడవండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. నీళ్లు దాహం లేకపోయినా తాగాలి. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుందని తాగడం మానేసే ఆడవాళ్లను చూశాను, దయచేసి అలా చేయకండి.

బయల్దేరడానికి నెల ముందు మీ డాక్టరును కలవండి. బీపీ, గుండె, ఆస్తమా, ఏవి ఉన్నా దాచకండి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయమాక్స్ అనే మాత్ర గురించి అడగండి. ఎత్తు ఎక్కడానికి ఒక రోజు ముందు మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. నాకు వేసుకున్న రోజే వేళ్లు తిమ్మిరెక్కాయి. అది చాలామందికి జరిగేదేనని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి కంగారుపడలేదు.

వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ కోవిడ్ రోజుల్లో అందరం కొన్నాం, అది తీసుకెళ్లండి. లేహ్‌లో 85, 88 చూపిస్తే హడలిపోవద్దు. మనిషి ఎలా ఉన్నాడన్నది చూడండి. కొద్దిపాటి తలనొప్పి ఉంటే పైకి వెళ్లకుండా ఆగాలి. నడకలో తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు ఎక్కువవుతున్నా తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు, అప్పటికప్పుడు కిందికి దిగాలి. పక్కవాళ్లకు ఇది తెలిసి ఉండాలి, ఎందుకంటే జబ్బుపడ్డ మనిషి తనకేం కాలేదనే అంటాడు. మా తమ్ముడు అలాగే అన్నాడు.

బట్టలు

నడిచేవాళ్ల బట్టలు వేరు, కూర్చునేవాళ్లవి వేరు. నడిచేటప్పుడు ఒళ్లు తనంతట తానే వేడెక్కుతుంది. కదలకుండా కూర్చుంటే పావుగంటలో కాలివేళ్ల నుంచి చలి పాకుతుంది. నేను వేసుకున్నవి ఒంటికి అతుక్కునే థర్మల్, దాని మీద ఇంకో థర్మల్, ఫ్లీస్, దాని మీద మందపాటి డౌన్ జాకెట్, అన్నింటి పైన గాలి చొరని షెల్. కాళ్లకు రెండు థర్మల్స్, పైన లైనింగ్ ఉన్న ప్యాంటు. కాటన్ బనియన్లు ఇంట్లోనే వదిలేయండి. చెమటకు తడిస్తే ఆరవు, ఆ తడే వణికిస్తుంది. రంగులు బూడిద, మట్టి, ఆకుపచ్చలో ఉండాలి. జాకెట్ కదిలినప్పుడు గరగరలాడకుండా ఉందో లేదో షాపులోనే చేయి ఊపి చూసుకోండి.

బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి. రెండు జతల ఉన్ని సాక్సులు వేశాక వేళ్లు లోపల ఆడాలి. మొదటిసారి నేను నా సైజే కొన్నాను. బిగుతుకు రక్తం ఆడక, ఎన్ని సాక్సులేసినా కాళ్లు మంచుగడ్డలే. చేతులకు రెండు పొరలు. లోపల పల్చటి గ్లోవ్స్, పైన వేళ్లన్నీ కలిసి ఉండే మిటెన్స్. ఫోకస్ తిప్పాల్సి వచ్చినప్పుడు పైది తీసి మెడలో వేలాడేసుకోవాలి. ఒట్టి చేత్తో స్కోపు స్టాండ్ ఇనుప కాలు పట్టుకున్నానొకసారి, కాలిందేమో అనిపించి చేయి లాగేసుకున్నాను.

కింద వేసుకోవడానికి అర అంగుళం ఫోమ్ ముక్క తీసుకెళ్లండి. యోగా మ్యాట్ కోసినా సరిపోతుంది. మా సామానంతటిలో అతి తక్కువ ఖరీదు దానిదే, అతి ఎక్కువ పనికొచ్చిందీ అదే. మంచు మీద ఎండ కళ్లకు దెబ్బ, మంచి చలువ కళ్లజోడు, సన్‌స్క్రీన్, పెదాలకు రాసుకునేది మర్చిపోవద్దు.

కళ్లకు ట్రైనింగ్

చాలామంది బైనాక్యులర్ కొని, డబ్బాతో సహా లేహ్ తీసుకెళ్లి, అక్కడ మొదటిసారి తెరుస్తారు. జంతువు కనబడిన రెండు నిమిషాల్లో ఫోకస్ చక్రం ఎటు తిప్పాలో వెతుక్కుంటారు. రెండు నెలల ముందే కొనండి. కొత్తవాళ్లకు 8x42 మేలు, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది. 10x దగ్గరగా చూపిస్తుంది కానీ చేయి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. కళ్లజోడు ఉంటే ఐకప్పులు లోపలికి నొక్కి చూడాలి. కుడి కన్ను దగ్గర ఉండే చిన్న చక్రాన్ని మీ కంటికి సరిచేసుకుని, అక్కడ గోరంత టేపు అంటించండి, కదలకుండా ఉంటుంది.

మేమిద్దరం చేసిన ప్రాక్టీస్ చెబుతాను. పొద్దున్నే డాబా ఎక్కి, ఫోన్లు కింద పెట్టేసి అరగంట కూర్చునేవాళ్లం. ఒకరు దూరంగా ఒకదాన్ని ఎంచుకుని మాటల్లోనే దారి చెప్పాలి. "నీలం వాటర్ ట్యాంకు, దాని ఎడమ పక్క సెల్ టవర్, టవర్‌కు సగం ఎత్తులో అడ్డ కడ్డీ, దాని కుడి చివర పావురం." రెండోవాళ్లు బైనాక్యులర్‌తో ఆ పావురాన్ని పట్టుకోవాలి. మొదట్లో "అక్కడ, అక్కడ" అని వేలు చూపించడమే తప్ప చెప్పడం వచ్చేది కాదు. నెల తిరిగేసరికి అర నిమిషంలో పట్టేసేవాళ్లం. ఆదివారాలు భద్రకాళి చెరువు దగ్గర ఇదే ఆట నీటి పక్షులతో. కొండ మీద ఇది ఎంత అవసరమో చూస్తే గానీ తెలియదు. అక్కడ ట్యాంకులుండవు, టవర్లుండవు. అన్నీ ఒకే రంగు రాళ్లు. "నల్లటి పగులు, దాని కింద మంచు పట్టీ, పట్టీ కుడి కొస నుంచి రెండు చేతుల వెడల్పు" అని చెప్పుకోగలగాలి.

ఇంకో సంగతి, చిరుతను వెతక్కండి. ముందు భరల్‌ను గుర్తుపట్టడం నేర్చుకోండి. అవి ప్రశాంతంగా మేస్తున్నాయా, అన్నీ తలలెత్తి ఒకే వైపు చూస్తున్నాయా? ఆకాశంలో గడ్డపు రాబందులు, మాగ్‌పైలు ఒకే చోటికి చేరుతున్నాయా? అక్కడ వేట పడి ఉండొచ్చు. పడ్డ వేట దగ్గర చిరుత రెండు మూడు రోజులు ఉంటుంది. కొండ అంచు గీతను ముందు చూడాలి, తర్వాత ఎండ పడే బండలు, ఆ తర్వాత నీడలు. ఎడమ నుంచి కుడికి ఒక వరస, ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ ఇంకో వరస. పిల్లల జవాబు పత్రాలు దిద్దినట్టు, వరస వదలకుండా.

ఆ ఐదో రోజు

పొద్దున ఏడూ నలభై. మా గైడు స్కోపు నుంచి తల తిప్పకుండానే, ఊపిరితో అన్నట్టు "శాన్" అన్నాడు. మంచు చిరుతకు లద్దాఖీ పేరు అది. పైన పదకొండు భరల్స్, ఒక్కటీ మేయడం లేదు. నేను స్కోపులో కన్ను పెట్టాను. రాళ్లు. ఒట్టి రాళ్లు. "మూడు బండలు దీదీ, నడిమి బండ కింద నీడ" అన్నాడు. నీడే చూస్తున్నాను. ఇంతలో ఆ నీడ అంచు పైకి లేచి, నెమ్మదిగా వంపు తిరిగి, మళ్లీ కిందికి వాలింది. తోక. నా ముంజేయంత మందం. అది కదిలాకే మిగతా జంతువంతా ఆ రాళ్లలోంచి బయటికొచ్చింది. భుజం, దాని మీద పొగచూరినట్టున్న మచ్చలు, పాదాల మీద పెట్టుకున్న గడ్డం. ఎప్పటి నుంచో అక్కడే ఉంది. నా ఊపిరికి ఐపీస్ మీద మంచు కట్టేసింది, మళ్లీ రాళ్లే మిగిలాయి.

ఇందులో నేర్చుకోవాల్సినవి మూడున్నాయి. స్కోపు దగ్గరికి వెళ్లేటప్పుడు ఊపిరి పక్కకు వదలండి, ముక్కు మీది మాస్కు కిందికి లాగకండి. మొదటి విడతలో ఒక్కొక్కరు పది సెకన్లే చూసి పక్కకు జరగండి. అందరూ ఒకసారి చూశాక నింపాదిగా చూసుకోవచ్చు. ఈ మాట ముందురోజు రాత్రే అందరూ అనుకుని ఉండాలి, ఆ క్షణంలో ఎవరికీ ఏదీ వినబడదు. స్టాండును తాకొద్దు. అంత దూరంలో ఉన్నదాన్ని వెతికి పెట్టాక మోచేయి తగిలితే మొత్తం పోతుంది.

ఫోటోల మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. చాలాసార్లు చిరుత కిలోమీటరు దూరంలో ఉంటుంది. పెద్ద లెన్స్ ఉన్నవాళ్లు బ్యాటరీలను లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోండి, చలికి చూస్తుండగానే చార్జింగ్ పడిపోతుంది. వెచ్చటి గదిలోకి వెళ్లేముందు కెమెరాను బయటే జిప్ కవర్లో పెట్టి మూసేయండి, లేకపోతే లోపల ఆవిరి పడుతుంది. దగ్గరికి వెళ్దామని గైడును బతిమాలకండి. మెత్తని మనుషులు, కాదనలేరు. కానీ ఒకసారి బెదిరి వేట వదిలేసి వెళ్లిన చిరుత ఆ చలిలో మళ్లీ వేటాడాలి. అది నాకు చాలా బాధ కలిగించే విషయం. డ్రోన్ అయితే సంచిలో పెట్టనే వద్దు.

ఆ ఇళ్లలో ఉండటం

రుంబక్‌లో అతిథులను ఇళ్లవాళ్లు వంతుల ప్రకారం తీసుకుంటారు, డబ్బు ఒక్కరికే పోకుండా. దీని వెనక పెద్ద కథ ఉంది. చిరుత ఎప్పుడైనా రాత్రిపూట దొడ్లోకి దూకితే ఒక్క గొర్రెతో ఆగదు, బయటికి దారి దొరికేలోపు పదీ ఇరవై చంపేస్తుంది. ఒక కుటుంబం ఏడాది బతుకు ఒక్క రాత్రిలో పోతుంది. ఒకప్పుడు అందుకే చంపేసేవాళ్లు. దొడ్లకు పైన ఇనుప జాలీ వేయించడం, ఈ హోమ్‌స్టేలు రావడం వల్ల పరిస్థితి మారింది. మీరు కట్టే డబ్బు ఊళ్లోకి ఎంత చేరుతుందో ఆపరేటర్‌ను మొహమాటం లేకుండా అడగండి.

అందరూ చేరేది వంటింట్లోనే, నడుమ పొయ్యి ఉంటుంది. ఇంటావిడను "ఆమా-లే" అని పిలవండి. పేరు చివర వాళ్లు పెట్టే "లే" మన "గారు" లాంటిది. నమస్కారానికీ, థాంక్స్‌కూ "జూలే" చాలు. ఉప్పు వేసిన వెన్న టీ మొదటి గుక్కకు నచ్చకపోవచ్చు, టీ అనుకోకుండా చారు అనుకుని తాగండి, నచ్చుతుంది. తుక్పా అనే నూడుల్స్ సూపు, స్క్యూ అనే పిండి ముద్దల పులుసు వేడివేడిగా పెడతారు. అన్నం, పప్పు కూడా ఉంటాయి. మనం తీసుకెళ్లాల్సింది కరివేపాకు పొడి, నల్లకారం లాంటి పొడులు. పల్లీ చిక్కీ ఆ చలికి రాయిలా బిగుసుకుపోతుంది, లోపలి జేబులో పెట్టుకుంటే తప్ప కొరకలేరు. మేం రెండోసారి వేయించిన పల్లీలు, ఖర్జూరం, సున్నుండలు పట్టుకెళ్లాం. ఆమా-లేకు సున్నుండ తెగ నచ్చి, ఎలా చేస్తారో గైడుతో అడిగించి మరీ తెలుసుకుంది.

కుళాయిలు గడ్డకట్టి ఉంటాయి, స్నానం సంగతి మర్చిపోండి. మరుగుదొడ్లో నీళ్లు వాడరు, మట్టి, బూడిద వేస్తారు. రాత్రి వెళ్లడానికి తలకు కట్టుకునే టార్చి కావాలి. టిష్యూలు, ప్యాడ్లు, చాక్లెట్ కాగితాలు ఒక సంచిలో వేసి లేహ్ దాకా తిరిగి తీసుకురండి. వీధి కుక్కలకు తిండి పెట్టొద్దు. లద్దాఖ్‌లో అవి గుంపులు కట్టి అడవి జంతువుల మీద పడుతున్నాయి.

తిరుగు ప్రయాణానికి కనీసం ఒక రోజు చేతిలో ఉంచుకోండి. మబ్బు పడితే లేహ్ విమానాలు ఆగిపోతాయి. ఢిల్లీ నుంచి హైదరాబాద్ టికెట్ అదే రోజుకు తీసుకోకండి. ఆ మిగిలిన రోజు వాతావరణం బాగుంటే, షే వైపు సింధు నది ఒడ్డుకు వెళ్లి గులకరాళ్ల మధ్య ఐబిస్‌బిల్ అనే పక్షి కోసం చూడండి. బూడిద రంగు ఒళ్లు, ఎర్రగా కిందికి వంగిన పొడుగాటి ముక్కు. కదలకపోతే రాయే అనుకుంటాం. మేం గంటసేపు చూశాక, తమ్ముడు బైనాక్యులర్ దించకుండానే చెప్పాడు: "అక్కా, తెల్లటి గుండ్రాయి, దాని కుడి పక్క నీటి పాయ, పాయకు అవతల రెండో రాయి. అది రాయి కాదు."